ఇంట్లోనే బైక్ మోడిఫికేషన్: పార్ట్ కొనడం తేలికే, దాని పక్కనున్న పార్ట్ సంగతేంటి?

రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 కొన్నవాళ్లలో దాన్ని షోరూమ్ నుంచి వచ్చింది వచ్చినట్టే వాడేవాళ్లు చాలా తక్కువ. లెగ్ గార్డ్‌తో మొదలవుతుంది, తర్వాత ఫాగ్ లైట్లు, బార్ ఎండ్ అద్దాలు, టూరింగ్ సీటు, హ్యాండిల్ బార్, ఆఖరికి అందరి చూపూ పోయి ఆగేది సైలెన్సర్ దగ్గరే. ఒకప్పుడు వీటి కోసం హైదరాబాద్‌లో ఐతే పుత్లీబౌలి పోవాలి, ఢిల్లీలో చుట్టాలుంటే కరోల్‌బాగ్ నుంచి తెప్పించుకోవాలి, బిగించేది ఎలాగూ మెకానిక్కే. ఇప్పుడు పార్ట్ ఇంటికే వస్తుంది, ఎలా బిగించాలో వీడియో ఫోన్లో ఉంటుంది, అల్లెన్ కీ సెట్ కూడా దాంతోపాటే ఆర్డర్ పెట్టేస్తున్నారు కాబట్టి ఆదివారం పొద్దున అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే పని మొదలైపోతోంది. నిజానికి ఇది చాలా మంచి అలవాటు. సొంత చేత్తో విప్పి బిగించినవాడికి బండి గురించి తెలిసినంత ఏళ్ల తరబడి నడిపినవాడికి కూడా తెలీదు.

కాకపోతే ఒక విషయం ఎక్కువ మంది పట్టించుకోవట్లేదు. బండికి కొత్తగా తగిలించే ప్రతి వస్తువూ దాని పక్కనున్న ఇంకో వస్తువు మీద భారం వేస్తుంది. లైటు పెడితే ఆ భారం వైరు మీద, బ్యాటరీ మీద పడుతుంది, హ్యాండిల్ మారిస్తే కేబుళ్ల మీద, టైరు మారిస్తే ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రం జారకుండా చూసే ఏర్పాటు) మీద, సైలెన్సర్ మారిస్తే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్) మీద, ఆపైన జేబు మీద కూడా, ఎందుకంటే చట్టం అక్కడే ఉంది. పార్ట్ కోసం యాభై రివ్యూలు చదివే మనిషి ఈ పక్క వస్తువు గురించి ఐదు నిమిషాలు ఆలోచించడు, ఇంట్లో చేసిన మోడిఫికేషన్లు తిరగబడేది దాదాపు ఎప్పుడూ అక్కడే.

క్లాసిక్‌నే ఉదాహరణగా తీసుకోడానికి కారణం ఉంది. దీని మీద పని చేసేవాళ్లు ఎక్కువ, పార్ట్స్ దొరికేవీ ఎక్కువ, పైగా ఒకే పేరుతో రెండు రకాల బళ్లు రోడ్డు మీద ఉన్నాయి. పాతది 346 సీసీ ఇంజిన్, బీఎస్4 (పొగ నిబంధనల్లో ఒక దశ, తర్వాతది బీఎస్6) దాకా కార్బ్యురేటర్, ఇంజిన్ అదురు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ లేదు కాబట్టి వైబ్రేషన్ బాగా ఉంటుంది. 2020లో బీఎస్6 కోసం దానికే ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టారు. తర్వాత 2020 చివర్లో మీటియోర్ బైక్‌తో వచ్చిన జే సిరీస్ ఇంజిన్‌ని 2021 సెప్టెంబర్‌లో క్లాసిక్‌కి కూడా ఇచ్చారు, ఇది 349 సీసీ, 6100 ఆర్‌పీఎం దగ్గర 20.2 బీహెచ్‌పీ, 4000 దగ్గర 27 న్యూటన్ మీటర్ల టార్క్, బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంది. పాత బండికి పని చేసిన చిట్కా కొత్త దానికి పని చేయదు, కొన్నిసార్లు చెడగొడుతుంది కూడా, ఐనా బండి పేరు ఒకటే కదా అని పాత సలహాలే ఇంకా తిరుగుతున్నాయి.

సైలెన్సర్: సౌండ్ వస్తుంది, పవర్ రాదు

ముందు దీని సంగతి తేల్చేద్దాం, అందరికీ కావాల్సింది ఇదే కాబట్టి. సైలెన్సర్ మారిస్తే బండి లాగుడు పెరుగుతుంది అనే నమ్మకం చాలా గట్టిగా ఉంది. సౌండ్ పెరిగినప్పుడు స్పీడ్ పెరిగినట్టు అనిపించడం మామూలే, కానీ ఈ ఇంజిన్‌కి పవర్‌ని ఆపుతున్నది సైలెన్సర్ కాదు. 72 మిల్లీమీటర్ల బోర్, 85.8 స్ట్రోక్ ఉన్న లాంగ్ స్ట్రోక్ సింగిల్ సిలిండర్, తక్కువ ఆర్‌పీఎంలో టార్క్ ఇవ్వడానికే దాని క్యామ్, కంప్రెషన్, థ్రాటిల్ బాడీ అన్నీ సెట్ చేసి ఉన్నాయి. బయటికి పోయే దారి ఒక్కటి వెడల్పు చేసినంత మాత్రాన లోపలికి వచ్చే గాలి పెరగదు. కొన్ని బళ్లలో కింద ఆర్‌పీఎంలో ఉన్న లాగుడు కాస్త తగ్గినట్టు కూడా తెలుస్తుంది, సిటీలో రోజూ వాడేది ఆ రేంజే.

ఇక్కడ పక్క వస్తువు ఆక్సిజన్ సెన్సర్. బీఎస్6 బళ్లలో ఇంజిన్ నుంచి వచ్చే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో ఇది చూసి ఈసీయూకి చెప్తుంది, దాన్ని బట్టి ఈసీయూ పెట్రోల్ కొంచెం ఎక్కువా తక్కువా చేసుకుంటుంది. ఒకే స్పీడ్‌లో నెమ్మదిగా పోతున్నప్పుడు ఈ దిద్దుబాటు బాగానే జరుగుతుంది, యాక్సిలరేటర్ గట్టిగా తిప్పినప్పుడు మాత్రం ఈసీయూ ఎక్కువగా ముందే రాసిపెట్టిన లెక్క ప్రకారం పెట్రోల్ పంపిస్తుంది, ఆ లెక్క స్టాక్ (కంపెనీ ఇచ్చిన) సైలెన్సర్‌కి రాసింది. కార్బ్యురేటర్ రోజుల్లో ఐతే జెట్ (పెట్రోల్ పోయే సన్న రంధ్రం ఉన్న ముక్క) మార్చి సరిచేసేవాళ్లు, ఇప్పుడు ఆ దారి లేదు, ఈసీయూలో ఆ లెక్కని మళ్లీ రాయించాలి, అంటే రీమ్యాప్ చేయించాలి, అది ఇంట్లో స్పానర్‌తో అయ్యే పని కాదు.

ఇంట్లో బిగించిన సైలెన్సర్లలో కనిపించే అసలు లోపం ఇంకా చిన్నది. బెండ్ పైప్‌కీ సైలెన్సర్‌కీ మధ్య జాయింట్‌లో సందు మూసే పాత గ్యాస్కెట్‌నే మళ్లీ వాడేస్తారు, లేదా క్లాంప్ సరిగ్గా కూర్చోదు. అక్కడ సన్న సందు ఉంటే యాక్సిలరేటర్ వదిలినప్పుడు బయటి గాలి లోపలికి పోతుంది, కాలకుండా మిగిలిన పెట్రోల్ ఆవిరి ఆ గాలితో కలిసి పైప్‌లోనే అంటుకుంటుంది, పట్‌పట్ మని పేలుతుంది. దాన్ని చాలామంది కొత్త సైలెన్సర్ స్టైల్ అనుకుంటారు. సందు ఇంకా పైన, సెన్సర్ దగ్గర్లో ఉంటే లోపలికొచ్చిన గాలిలోని ఆక్సిజన్‌ని సెన్సర్ లెక్కేసి పెట్రోల్ సరిపోవట్లేదని చెప్తుంది, ఈసీయూ అనవసరంగా ఎక్కువ పోస్తుంది, మైలేజ్ పడిపోతుంది. ఒక్క కొత్త గ్యాస్కెట్ వేస్తే పోయేదానికి బండి ఖరాబైందని ఇంజెక్టర్ క్లీనింగ్ దాకా పోతారు.

చట్టం వైపు చూస్తే 175 సీసీ దాటిన టూవీలర్‌కి కంపెనీ దగ్గర టెస్ట్‌లో పెట్టిన లిమిట్ 80 డెసిబెల్స్. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు, పది పెరిగితే శబ్దంలో ఉండే శక్తి పదింతలు అయినట్టు. ఖాళీ పైప్ లాంటి సైలెన్సర్‌తో 90 దాటడం పెద్ద విషయమేం కాదు. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 190(2) ప్రకారం శబ్దం, పొగ నిబంధనలు దాటి నడిపితే మొదటిసారికే మూడు నెలల దాకా జైలు లేదా పది వేల దాకా ఫైన్, లైసెన్స్ కూడా మూడు నెలలు ఆగిపోవచ్చు. స్పాట్‌లో వేసే చలాన్ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. పట్టుకున్న సైలెన్సర్లన్నీ రోడ్డు మీద వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించడం వైజాగ్‌లో జనం చూసిందే. ఇవన్నీ పక్కన పెట్టినా, రాత్రి పదకొండింటికి సందులో పెద్దవాళ్లు, పసిపిల్లలు పడుకుని ఉంటే ఆ సౌండ్ ఎవరికీ సంతోషం కలిగించదు. మోడిఫికేషన్ అంటేనే జనానికి ఒళ్లు మండేలా చేసింది ఈ ఒక్క పార్టే, దానివల్ల పద్ధతిగా పని చేసుకునేవాళ్లు కూడా చెక్‌పోస్ట్ దగ్గర సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తోంది.

లైట్లు: ఇంట్లో పని అంటే ఇదీ

సైలెన్సర్‌కి పెట్టే డబ్బులో సగం లైట్ల వైరింగ్‌కి పెడితే బండి నిజంగా బాగుపడుతుంది. హైవే మీద లైట్లు లేని ట్రాక్టర్ ట్రాలీ, డివైడర్ సందులోంచి వచ్చే గేదెలు, కంకర కుప్ప, ఇవన్నీ ఉన్న చోట హాలోజన్ హెడ్‌లైట్‌తో వచ్చిన బళ్లలో స్టాక్ వెలుతురు చాలట్లేదు అనడంలో తప్పేమీ లేదు. తప్పు దాన్ని పెంచుకునే పద్ధతిలో ఉంటుంది.

మొదటి షార్ట్‌కట్ బల్బు మార్చడం. హెచ్4 బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, డిమ్‌కి వాడే ఫిలమెంట్ కింద చిన్న లోహపు గిన్నె లాంటిది ఉంటుంది, దానివల్లే కాంతి సగం రిఫ్లెక్టర్‌కే పోయి ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా ఆగుతుంది. రిఫ్లెక్టర్ ఆకారం అంతా ఆ ఫిలమెంట్ ఎక్కడుందో లెక్కేసి చేసింది. అందులో ఎల్ఈడీ బల్బు తోస్తే వెలిగే చిప్పులు ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటాయి, చాలు, వెలుతురు అంతా చెదిరిపోతుంది. గోడ మీద చూస్తే తెల్లగా మెరిసిపోతుంది, రోడ్డు మీద దూరం కనబడదు, ఎదురొచ్చేవాడికి మాత్రం కళ్లు బైర్లు కమ్ముతాయి. 100/90 వాట్ల హాలోజన్ వేయడం ఇంకో రకం. స్టాక్ 60 వాట్లకి 12 వోల్ట్ల మీద 5 ఆంపియర్లు పోతే 100 వాట్లకి 8.3 పోతాయి, వైరు, హోల్డర్ వేడెక్కడం కరెంట్‌కి వర్గంగా పెరుగుతుంది కాబట్టి వేడి దాదాపు మూడింతలు. హోల్డర్ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి పెళుసుబారిపోయిందంటే కారణం ఇదే.

సరైన దారి విడిగా రెండు ఆక్సిలరీ (అదనపు) లైట్లు, విడిగా వాటి వైరింగ్. ఉదాహరణకి ఒక్కోటి 40 వాట్ల ఎల్ఈడీ రెండు పెట్టారనుకుందాం, మొత్తం 80, అంటే 12 వోల్ట్ల లెక్కన ఆరున్నర ఏడు ఆంపియర్లు. దీన్ని తీసుకెళ్లి హెడ్‌లైట్ వైరుకి జాయింట్ కొట్టేస్తే హెడ్‌లైట్‌కని కొలిచి పెట్టిన వైరు, స్విచ్, ఫ్యూజ్ అన్నీ రెట్టింపు పైన మోయాలి. అందుకే రిలే, అంటే చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ని ఆన్ ఆఫ్ చేసే స్విచ్. నాలుగు పిన్నుల రిలే రెండొందల్లోపే వస్తుంది, దాని కింద 30, 87, 85, 86 అని నంబర్లు ముద్రించి ఉంటాయి. బ్యాటరీ ప్లస్ నుంచి 10 ఆంపియర్ ఫ్యూజ్ మీదుగా వైరు 30కి రావాలి, 87 నుంచి లైట్ల ప్లస్‌కి పోవాలి, 85 ఎర్త్‌కి, 86కి వచ్చేది హ్యాండిల్ మీద పెట్టే చిన్న స్విచ్ నుంచి. ఆ స్విచ్‌కి సప్లై బ్యాటరీ నుంచి నేరుగా ఇవ్వకూడదు, కీ ఆన్ చేస్తేనే కరెంట్ వచ్చే పార్కింగ్ లైట్ లాంటి వైరు నుంచి తీసుకోవాలి. అప్పుడు స్విచ్ గుండా పోయేది రిలే కాయిల్‌కి కావాల్సిన కొంచెం కరెంటే, అసలు బరువంతా రిలే మోస్తుంది, కీ తీస్తే లైట్లు కూడా ఆరిపోతాయి. ఇది చేయకపోతే ఏమవుతుంది అంటే, కొత్త క్లాసిక్‌లో ఉండేది 8 ఆంపియర్ అవర్ బ్యాటరీ, లైట్లు మర్చిపోయి బండి పార్క్ చేస్తే గంటలోపే సెల్ఫ్ మూగబోతుంది, జే సిరీస్‌కి కిక్ కూడా లేదు.

ఫ్యూజ్ ఎక్కడ పెట్టాలి అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. అది బ్యాటరీ టెర్మినల్‌కి జానెడు దూరంలోనే ఉండాలి. లైటు దగ్గర పెడితే బ్యాటరీ నుంచి అక్కడిదాకా ట్యాంక్ కింద నుంచి పోయే వైరుకి రక్షణే లేదు, మధ్యలో ఎక్కడ ఒరుసుకుని రాగి బయటపడి ఫ్రేమ్‌కి తగిలినా వైరే కాలుతుంది, పైన పెట్రోల్ ట్యాంక్. ఈ ఒక్క కారణంతో కాలిన బళ్లని షార్ట్ సర్క్యూట్ అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లది తీసుకుంటే ఈ కరెంట్‌కి హాయిగా సరిపోతుంది. హ్యాండిల్ తిప్పినప్పుడు ఫోర్క్ దగ్గర వైరు లాక్కుపోకుండా కొంచెం వదులు ఉంచాలి, ఫ్రేమ్ అంచు తగిలే ప్రతి చోట స్లీవ్ ఎక్కించాలి.

జాయింట్ల సంగతి ఇంకా ముఖ్యం. రెండు వైర్లు మెలిపెట్టి నల్ల టేప్ చుట్టేయడం మనకి బాగా అలవాటైన పద్ధతి, ఇంట్లో స్విచ్ బోర్డుకే అది మంచిది కాదు, బండికి అసలే పనికిరాదు. మే నెలలో రెంటచింతల ఎండలో గంటసేపు నిలబెడితే టేప్ జిగురు కారిపోయి చుట్టు ఊడొస్తుంది, జూలైలో వానకి తడి లోపలికి పోయి రాగి పచ్చబడిపోతుంది, కాకినాడ, వైజాగ్ సముద్రపు గాలిలో ఐతే ఆ పచ్చదనం ఇంకా త్వరగా వస్తుంది. సోల్డర్ చేసిన జాయింట్ కదలని చోట బాగుంటుంది, వైబ్రేషన్ ఉన్న చోట సోల్డర్ అంచు దగ్గరే వైరు విరుగుతుంది, కాబట్టి క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కిన టెర్మినల్, దాని మీద వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవ్, ఇదే మేలు. స్టాక్ హార్నెస్‌ని (కంపెనీ ఇచ్చిన వైర్ల కట్టని) మాత్రం కోయకూడదు. బండికి వచ్చిన కప్లర్లకి సరిపోయే అడాప్టర్లు దొరుకుతున్నాయి, అవి వాడితే రేపు తీసేసినా గుర్తు ఉండదు, వారంటీ దగ్గర గొడవా రాదు.

అన్నీ అయ్యాక చెక్ చేయడానికి మల్టీమీటర్ ఒకటి చాలు. ఇంజిన్ ఆఫ్‌లో ఛార్జ్ ఉన్న బ్యాటరీ 12.6 దగ్గర చూపించాలి, ఇంజిన్ రేజ్ చేసి పెడితే 13.5 నుంచి 14.5 మధ్యలో ఉండాలి. ఇప్పుడు హెడ్‌లైట్, ఆక్సిలరీలు, బ్రేక్ లైట్ అన్నీ వెలిగించి ఐడ్లింగ్‌లో చూడాలి. మీటర్ 12.5 కిందికి జారుతుంటే ఆల్టర్నేటర్ ఇచ్చేదానికంటే ఖర్చు ఎక్కువుంది అని అర్థం, ట్రాఫిక్‌లో రోజూ బ్యాటరీ కొంచెం కొంచెం ఖాళీ అవుతూ ఆరు నెలలకి చచ్చిపోతుంది, అప్పుడు బ్యాటరీ కంపెనీని తిట్టుకుంటారు. లైట్ల యాంగిల్ కూడా బండి మీద మనిషి కూర్చున్నాకే పెట్టాలి, ఖాళీ బండికి సెట్ చేస్తే కూర్చోగానే వెనక దిగి ముందు లైటు ఆకాశం చూస్తుంది.

హ్యాండిల్, సీటు, షాకులు

హ్యాండిల్ బార్ మార్చడం నాలుగు బోల్టుల పనిలా కనిపిస్తుంది. రెండంగుళాలు పైకో వెనక్కో వచ్చిన హ్యాండిల్‌కి క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, ముందు బ్రేక్ హోస్, స్విచ్‌ల వైర్లు అన్నీ అదే పొడవులో సాగాలి. బిగించాక చేయాల్సిన పరీక్ష ఒకటుంది, దీన్ని ఎవరూ ఎగ్గొట్టకూడదు. సెంటర్ స్టాండ్ వేసి ఇంజిన్ స్టార్ట్ చేసి ఐడ్లింగ్‌లో ఉంచి హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పాలి. తిప్పుతుంటే ఆర్‌పీఎం దానంతట అదే పెరిగిందంటే యాక్సిలరేటర్ కేబుల్ లాక్కుంటోంది. అలాంటి బండిని ఇరుకు సందులో యూటర్న్ తిప్పితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తర్వాత ముందు చక్రం గాల్లోకి లేపి ఫోర్క్ పూర్తిగా సాగిన పొజిషన్‌లో మళ్లీ రెండు వైపులా తిప్పి బ్రేక్ హోస్ బిగుసుకుంటోందా చూడాలి, ఎందుకంటే స్పీడ్ బ్రేకర్ మీద ముందు చక్రం లేచినప్పుడు హోస్ ఉండేది ఆ పొజిషన్‌లోనే. తేడా ఉంటే పొడవు హోస్ వేయాల్సిందే, సర్దుకుపోయే బేరం కాదు.

సీటు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, నడుముకి నచ్చింది వేసుకోవచ్చు, ఫోమ్ మరీ మెత్తగా ఉంటే గంట తర్వాత కింద పలక తగులుతుంది అంతే. వెనక షాకులు మార్చాలనుకునేవాళ్లు మాత్రం ఒక్కసారి ఆగాలి. క్లాసిక్ షాకులకి ప్రీలోడ్ (స్ప్రింగ్‌ని ముందే ఎంత నొక్కి ఉంచాలో మార్చుకునేది) ఆరు స్టెప్పులు ఉంటుంది, ఏళ్ల తరబడి దాన్ని ఒక్కసారి కూడా తిప్పనివాళ్లు ఎంతోమంది ఉన్నారు. వెనక మనిషి, బ్యాగులు ఉన్నప్పుడు రెండు స్టెప్పులు పెంచి చూస్తే కొత్త షాకులు కొనే అవసరమే రాకపోవచ్చు. పొడవు షాకులు వేసి వెనక ఎత్తు పెంచితే సైడ్ స్టాండ్ పొట్టిదైపోయి బండి మరీ వాలుతుంది, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ కోణం మారి చైన్ వదులు మారుతుంది, ముందు ఫోర్క్ నిటారుగా అయ్యి హైవే స్పీడ్‌లో స్టీరింగ్ చురుకుతనం అవసరానికి మించిపోతుంది.

టైరు వెడల్పు మోజు

వెనక టైరు లావుగా ఉంటే బండి చూడ్డానికి బాగుంటుంది, నిజమే. జే సిరీస్ క్లాసిక్‌కి వెనక 120/80-18, ముందు 100/90-19. లెక్కేస్తే వెనక టైరు మొత్తం ఎత్తు సుమారు 649 మిల్లీమీటర్లు. 130/80 వేస్తే 665 అవుతుంది, రెండున్నర శాతం పెద్దది. 140/70 వేస్తే 653, ఎత్తు దాదాపు అదే కానీ వెడల్పు రెండు సెంటీమీటర్లు పెరిగింది, అటొక సెంటీమీటర్, ఇటొక సెంటీమీటర్, ఆ చోటు చైన్ వైపు నిజంగా ఉందా అని కొలిచి చూడాలి. రిమ్ మాత్రం మారలేదు కదా. అదే రిమ్ మీద లావు టైరు ఎక్కిస్తే అంచులు లోపలికి నొక్కుకుపోయి టైరు మధ్యలో ఉబ్బుతుంది, అంటే రోడ్డుని పట్టుకునే భాగం పెరుగుతుందనుకుంటే అది జరగదు, మలుపులో బండి వాలడానికి మొరాయిస్తుంది.

ఏబీఎస్ పక్కన ఉన్న సంగతి ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. అది ముందు వెనక చక్రాల స్పీడ్‌ని పోల్చుకుంటూ ఏది జారుతోందో నిర్ణయిస్తుంది. కంపెనీ ఇచ్చిన సైజుల నిష్పత్తి బాగా మారితే దాని లెక్క కూడా మారుతుంది. చక్రం ఇంట్లో విప్పి బిగించేటప్పుడు సెన్సర్‌కీ దాని ఎదురుగా తిరిగే పళ్ల రింగ్‌కీ మధ్య సందు పాడవకుండా చూసుకోవాలి, ఆ రింగ్ కొంచెం వంగినా మీటర్‌లో ఏబీఎస్ లైట్ ఆరదు. స్టాక్ సైజులోనే మంచి కంపెనీ, మెత్తటి కాంపౌండ్ టైరు వేయడం చూపుకి ఏ మార్పూ తేదు, వానలో బ్రేక్ వేసినప్పుడు మాత్రం ఎక్కడ డబ్బు పెట్టారో తెలుస్తుంది.

బోల్టు మీద అంకెలు

ఎవరూ మాట్లాడని విషయం ఇదే. మార్కెట్లో స్టెయిన్‌లెస్ బోల్ట్ కిట్లు వస్తున్నాయి, తళతళ మెరుస్తాయి, తుప్పు పట్టవు, కాబట్టి పాత బోల్టులన్నీ తీసి అవి బిగించేస్తున్నారు. మామూలు ఉక్కు బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో ఉంటుంది. మొదటి అంకె దాని బలం, 8.8 అంటే సుమారు 800 మెగాపాస్కల్స్ దాకా తట్టుకుంటుంది, 10.9 అంటే 1000. స్టెయిన్‌లెస్ బోల్టు మీద సాధారణంగా ఉండేది ఏ2-70, అంటే 700. సైడ్ ప్యానెల్‌కి, మడ్‌గార్డ్‌కి, నంబర్ ప్లేట్‌కి అది ఎంతైనా చాలు. బ్రేక్ క్యాలిపర్, హ్యాండిల్ క్లాంప్, ఫుట్‌రెస్ట్ లాంటి చోట్ల మెరుపు కోసం దాన్ని పెట్టడం ప్రాణంతో ఆట. పైగా అల్యూమినియంలోకి స్టెయిన్‌లెస్ బోల్టు పొడిగా బిగిస్తే తడి తగిలేకొద్దీ రెండు లోహాల మధ్య తినేయడం మొదలై రెండేళ్లకి బోల్టు తిరగదు. కొంచెం యాంటీ సీజ్ పేస్ట్ రాసి బిగిస్తే ఆ బాధ ఉండదు.

బిగించడంలో కూడా మన దగ్గర ఒకటే కొలత, ఇంక తిరగనంత. అది తప్పు. 6 మిల్లీమీటర్ల బోల్టుకి మామూలుగా సరిపోయేది 10 న్యూటన్ మీటర్లు, 8 మిల్లీమీటర్లకి 25 దగ్గర. 15 సెంటీమీటర్ల స్పానర్ చివర ఏడు కేజీల బలం పెడితే ఆ 10 వచ్చేసినట్టే, మనిషి చెయ్యి ఏమీ అనుకోకుండానే దానికి మూడింతలు లాగేస్తుంది. ఇంజిన్ కేసింగ్ అల్యూమినియంలో థ్రెడ్ పోయిందంటే హెలికాయిల్ (కొత్త థ్రెడ్ ఇచ్చే స్ప్రింగ్ లాంటి తీగచుట్ట) వేయించాలి, గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకున్నట్టే. రెండు మూడు వేలు పెట్టి ఒక టార్క్ రెంచ్ కొనుక్కోవడం ఇంట్లో పని చేసేవాళ్లకి మొదటి ఖర్చు కావాలి, మొదటి ఫ్యాన్సీ పార్ట్ కంటే ముందే. ఏ బోల్టుకి ఎంత అన్నది బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, అదే ప్రమాణం. వైబ్రేషన్‌కి వదులయ్యే చోట నీలం రంగు థ్రెడ్ లాకర్ (బోల్టుని పట్టి ఉంచే జిగురు) రెండు చుక్కలు చాలు, ఎర్రది వాడితే మళ్లీ విప్పడానికి వేడి చేయాల్సి వస్తుంది. బిగించాక బోల్టు తల మీంచి పక్క లోహం మీదకి పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీస్తే, తర్వాత ఆ గీత విడిపోయిందా అని కంటితో చూస్తే సరిపోతుంది. బ్యాలెన్సర్ లేని పాత ఇంజిన్ బళ్లకి ఈ గీతలు మరీ అవసరం.

ఆర్సీ, ఇన్సూరెన్స్

మోటార్ వాహనాల చట్టంలో సెక్షన్ 52 చెప్పేది, బండి ఆర్సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడాగా మారేలా మార్పు చేయకూడదు అని. మార్పు అంటే ఏంటో కూడా అందులోనే ఉంది, బండి నిర్మాణం మారి దాని ప్రాథమిక లక్షణమే మారిపోవడం. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది, కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా మార్చిన బండిని రిజిస్టర్ చేయడం కుదరదని. అదే ఏడాది వచ్చిన సవరణతో చేరిన సెక్షన్ 182ఏ ప్రకారం అనుమతి లేని మార్పుకి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి ఐదు వేల ఫైన్, లేదా రెండూ. ఒక్కో మార్పుకి అన్న మాట గమనించాలి. ఇంజిన్, ఫ్రేమ్, చాసిస్ జోలికి పోవడం, ఫ్రేమ్ వెనక భాగం కోసేసి బాబర్ స్టైల్ (ఒంటి సీటు) బైక్ లాగా చేయడం ఇవన్నీ దీని కిందికే వస్తాయి. రంగు మార్చుకోవచ్చు, కానీ ఆర్టీఓ దగ్గర ఆర్సీలో రాయించుకోవాలి. సీటు, బ్యాగులు, విండ్‌షీల్డ్ లాంటి వాటితో సాధారణంగా ఇబ్బంది రాదు. వెనక మడ్‌గార్డ్ కోసేసి హై సెక్యూరిటీ నంబర్ ప్లేట్‌ని సీటు కిందకి వంచడం, శారీ గార్డ్ తీసేయడం మాత్రం నిబంధనలకి నేరుగా విరుద్ధం. శారీ గార్డ్ అందం తగ్గిస్తుందని తీసేసేవాళ్లు, చున్నీ చక్రంలో పడి మెడకి బిగుసుకున్న ప్రమాదాలు మన రోడ్ల మీద ఎన్ని జరిగాయో ఒక్కసారి తలచుకుంటే మళ్లీ బిగిస్తారు.

ఇన్సూరెన్స్‌లో ఎలక్ట్రికల్ యాక్సెసరీస్‌ని విడిగా డిక్లేర్ చేసే వీలుంది, ప్రీమియం కొంచెం పెరుగుతుంది, కానీ వైరింగ్ వల్ల బండికి ఏమైనా జరిగితే చెప్పని మార్పు దొరికిందంటే క్లెయిమ్ ఆగిపోవడానికి అదే కారణం అవుతుంది. బిల్లు ఉన్న పార్ట్‌కే ఇది కుదురుతుంది. బిల్లు లేని చోట కొన్న బ్రేక్ ప్యాడ్లు, కేబుళ్లు, డిస్క్ రోటర్లు డబ్బా మీద పేరు చూసి నమ్మేవి కావు. ఫస్ట్ కాపీ అద్దం వేసుకుంటే మహా ఐతే గీతలు పడుతుంది, ఫస్ట్ కాపీ బ్రేక్ ప్యాడ్‌తో లారీ వెనక ఆగాల్సిన చోట ఆగదు. కంపెనీవాళ్లు అమ్మే యాక్సెసరీలు ధర ఎక్కువే, ఐనా వాటికి బ్రాకెట్ సరిగ్గా కూర్చుంటుంది, వారంటీ మీద మాట రాదు, బండి బుక్ చేసేటప్పుడే పెట్టించుకునే పద్ధతి కూడా 2020 నుంచి ఉంది. ఇంట్లో బిగించే సరదా కావాలంటే అవే కొని ఇంట్లో బిగించుకోవచ్చు.

పని అయ్యాక రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగొచ్చి ముట్టుకున్న ప్రతి బోల్టూ మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడాలి, కొత్తగా బిగించినవి మొదట్లోనే సర్దుకుని కాస్త వదులవుతాయి. ఫ్యూజ్ హోల్డర్ మూత, రిలే పిన్నులు, హీట్ ష్రింక్ చివర్లు కూడా అప్పుడే చూసేస్తే సరి. తీసేసిన స్టాక్ పార్ట్స్ మాత్రం అమ్మేయకూడదు. అద్దాలు, ఇండికేటర్లు, సైలెన్సర్, హ్యాండిల్, వాటి బోల్టులు వేరే కవర్లలో వేసి పేరు రాసి దాచుకోవాలి, ఎందుకంటే బండి కొనేవాడు స్టాక్ కండిషన్‌కే ఎక్కువ ఇస్తాడు, 15 ఏళ్లకి ఆర్సీ రెన్యూవల్‌కి ఆర్టీఓ ఆఫీసుకి తీసుకెళ్లినప్పుడు కూడా బండి ఆర్సీలో ఎలా ఉందో అలాగే కనిపించాలి.